దివ్యాంగులు వాడగలిగే వెబ్‌సైట్: శ్రీకాకుళం, విజయనగరం డిజైనర్లకు సమగ్ర మార్గదర్శి

శ్రీకాకుళం, విజయనగరాల్లో కాలేజీలకు, నర్సింగ్ హోంలకు, గుళ్లకు, బట్టల కొట్లకు సైట్లు చేసిపెట్టేవాళ్లలో డీటీపీ పని మీదుగా వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. కరపత్రం, ఫ్లెక్సీ, పెళ్లికార్డు చేసిన చెయ్యి సైటును కూడా అలాగే చూస్తుంది. కంటికి బాగుంటే పని అయిపోయినట్టే. దివ్యాంగులకు సైట్లలో ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావరకు ఈ ఒక్క అలవాటులోంచే పుడతాయి. ఫ్లెక్సీని చూడడం తప్ప మరో దారి లేదు. వెబ్ పేజీని ఒకరు చూస్తారు, ఒకరు వింటారు, ఒకరు బ్రెయిలీ పరికరం మీద వేలితో తడుముతారు, ఇంకొకరు మౌసు పట్టలేక ట్యాబ్ మీటతోనే నడుపుతారు. నలుగురికీ ఒకే పేజీ పని చెయ్యాలంటే బొమ్మ కింద ఉన్న కోడ్ సరిగ్గా ఉండాలి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. డిజైనర్ పనికి ఆ జాబితా అంతా అక్కర్లేదు. చూపు లేనివారు, మసకగా కనిపించేవారు, రంగులు తేడా తెలియనివారు, వినపడనివారు, చేతులు వణికేవారు లేక పక్షవాతం వచ్చినవారు, చదివింది తొందరగా ఒంటబట్టనివారు: ఈ ఆరుగురూ మనసులో ఉంటే చాలు. శుక్లాలు ముదిరిన పెద్దవాళ్లూ ఈ లెక్కలోకే వస్తారు. ఉద్దానంలో డయాలసిస్ మీద ఉన్న మనిషి దాదాపు నాలుగు గంటలు ఒక చెయ్యి కదపకూడదు. ఫోన్‌లో ఏం చేసినా మిగిలిన చేతి బొటనవేలితోనే. సర్టిఫికెట్ లేకపోయినా ఆ పూటకు ఆయనకూ ఇవన్నీ కావాలి.

చట్టం సంగతి క్లయింటు అడుగుతాడు కాబట్టి క్లుప్తంగా. 2016 చట్టంలోని 46వ సెక్షన్ ప్రభుత్వ సేవలతోపాటు ప్రైవేటు సేవలకూ అందుబాటు నియమాలను వర్తింపజేస్తుంది. నియమాలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరి ప్రమాణాలు కావాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న తీర్పు చెప్పింది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పు ఇచ్చింది. పని కోసం చేతిలో ఉంచుకోవాల్సిన ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.2, అంటే సైట్లు దివ్యాంగులకు అందేలా చెయ్యడానికి ఉన్న అంతర్జాతీయ మార్గదర్శకాలు. ఇది 2023 అక్టోబర్‌లో వచ్చింది. ఇందులో ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని మూడు స్థాయిలున్నాయి. గురి డబుల్ ఏ మీద పెట్టుకోండి. కింద చెప్పే అంకెలు చాలావరకు అందులోవే.

ఒక మాట: కోడ్ పదాలను ఇక్కడ తెలుగు లిపిలో రాశాం. ఎడిటర్‌లో మాత్రం వాటిని ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.

మొదటి మెట్టు: అక్షరం నిజంగా తెలుగు అక్షరమేనా?

అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ తెర మీద తెలుగులా కనిపిస్తుంది. లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, విరామ చిహ్నాలు. వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంట్. తెర మీది మ్యాటర్‌ను పైకి చదివి వినిపించే ప్రోగ్రాం స్క్రీన్ రీడర్. దానికి ఫాంట్ కనపడదు, లోపలి అక్షరాలే కనపడతాయి. అందుకే కలెక్టరేట్ ప్రకటనైనా, కాలేజీ ఫీజుల పట్టికైనా అను ఫాంట్‌లో పెడితే అర్థం లేని శబ్దాలు వినిపిస్తాయి.

పరీక్ష అర నిమిషం పని. పేజీలోంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్యండి. తెలుగు తెలుగుగానే పడితే యూనికోడ్, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉన్న పద్ధతి. పిచ్చి గుర్తులు పడితే పాత ఫాంట్. అలాంటి ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే ఉచిత కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మార్చాక అలాగే ఎక్కించెయ్యకండి. తప్పులు దొర్లేది ముఖ్యంగా వత్తుల దగ్గర, రకారవత్తు దగ్గర, దీర్ఘాల దగ్గర, మధ్యలో వచ్చే అంకెల దగ్గర. మూలం పక్కన పెట్టుకుని ఒకసారి పైకి చదివితే బయటపడతాయి. అసలు ఫైలే లేక కాగితం ఒక్కటే ఉంటే 300 డీపీఐలో స్కాన్ చేసి, గూగుల్ డాక్స్‌తోనో టెసరాక్ట్‌తోనో అక్షరాలు తీయించండి. రెండూ తెలుగు చదువుతాయి, రెండూ తప్పులు చేస్తాయి. దిద్దే పని ఎలాగూ తప్పదు.

యూనికోడ్‌లో ఉన్న మ్యాటర్‌కూ ఒక దొంగ జబ్బుంది. టైపిస్టులు కొందరు మాటలోని సున్నా ‘ం’ పెట్టాల్సిన చోట తెలుగు అంకె ‘౦’ కొడతారు. ‘శ్రీకాకుళ౦’ అని ఉంటే కంటికి తేడా తెలియదు. యంత్రానికి మాత్రం అది మాట చివర తగిలించిన అంకె. ఊరి పేరు వినపడాల్సిన చోట సున్నా అని వినపడుతుంది, లేదా మాట విరిగిపోతుంది. వెతికితే ఆ పేజీ దొరకదు కూడా. ఇంగ్లిష్ అంకెలే వాడే సైటయితే ‘౦’ను వెతికి ‘ం’గా ఒక్క దెబ్బలో మార్చెయ్యొచ్చు. విసర్గ బదులు కోలన్ పెట్టడం కూడా ఇలాంటిదే. ‘దు:ఖం’ యంత్రానికి రెండు ముక్కలు.

కరపత్రం రాతలు కొన్ని వినడానికి పనికిరావు. ‘రూ.1,250/-’ అని రాస్తే కొన్ని గొంతులు చివరి గీతల్ని కూడా చదువుతాయి. ‘1,250 రూపాయలు’ అని రాయండి. ‘05-10-2025’ అంటే అక్టోబరా, మే నెలా అన్నది వినేవాడు ఊహించుకోవాలి. ‘2025 అక్టోబర్ 5’ అంటే గొడవ లేదు.

రెండో మెట్టు: ఏ భాషో చెప్పాలి

పేజీ మొదట్లో ఉండే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో లాంగ్ అనే ఆట్రిబ్యూట్ ఉంటుంది. తెలుగు పేజీకి దాని విలువ ‘టీఈ’. కొనుక్కున్న టెంప్లేట్లలో అది ఇంగ్లిష్ అని ఉంటుంది, ఎవరూ మార్చరు. అప్పుడు ఇంగ్లిష్ గొంతు తెలుగు వాక్యాల్ని దాటేసి పోతుంది, లేదా అక్షరాల పేర్లు ఒక్కొక్కటే వల్లిస్తుంది. వర్డ్‌ప్రెస్ సైటయితే సెట్టింగ్స్, జనరల్‌లోకి వెళ్లి సైట్ భాషను తెలుగు చేస్తే ఇది దానంతటదే మారుతుంది. మారిందో లేదో పేజీ సోర్స్ తెరిచి చూసుకోండి.

తెలుగు పేజీలో ఒక పేరా మొత్తం ఇంగ్లిష్‌లో ఉంటే ఆ పేరాకు మాత్రం లాంగ్ ఆట్రిబ్యూట్ ‘ఈఎన్’ అని పెట్టాలి. ‘బస్సు’, ‘ఆఫీసు’ లాంటి మాటలకు అక్కర్లేదు. మాటమాటకూ భాష మారిస్తే గొంతు మారి మారి వినేవాడికి తల తిరుగుతుంది.

మూడో మెట్టు: అస్థిపంజరం

చూపు లేనివాళ్లు పేజీని మొదటినుంచి చివరిదాకా వినరు. శీర్షిక నుంచి శీర్షికకు దూకుతారు. విండోస్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌లో హెచ్ నొక్కితే తర్వాతి శీర్షిక, కె నొక్కితే లింకు, బి నొక్కితే బటన్, టి నొక్కితే పట్టిక. లావు అక్షరాలు పెట్టి రంగు మార్చినంత మాత్రాన శీర్షిక కాదు. అది హెచ్1, హెచ్2, హెచ్3 ట్యాగుల్లో ఉండాలి. పేజీకి ఒక్క హెచ్1 చాలు. కింద విభాగాలకు హెచ్2, వాటిలో ఉపవిభాగాలకు హెచ్3. అక్షరం సైజు నచ్చిందని హెచ్2 తర్వాత హెచ్5కు దూకకండి. సైజు సీఎస్‌ఎస్‌లో మార్చుకునేది.

పైభాగాన్ని హెడర్‌లో, మెనూను నావ్‌లో, అసలు విషయాన్ని మెయిన్‌లో, అడుగుభాగాన్ని ఫుటర్‌లో పెట్టండి. అన్నిటికంటే ముందు ‘నేరుగా విషయానికి’ అనే లింకు ఒకటి ఉండాలి. మామూలుగా దాగి ఉండి, ట్యాబ్ నొక్కగానే కనపడేలా చెయ్యండి. అది లేకపోతే మెనూలో 30 లింకులున్న సైటులో ప్రతి పేజీకీ 30 సార్లు ట్యాబ్ నొక్కాలి.

లింకు మాట ఒంటరిగా విన్నా అర్థం కావాలి. ఎన్‌వీడీఏలో ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే పేజీలోని లింకులన్నీ జాబితాగా వస్తాయి. అందులో ‘ఇక్కడ నొక్కండి’ అని పన్నెండు సార్లు ఉంటే దేని మీద నొక్కాలి? ‘డిగ్రీ అడ్మిషన్ ప్రకటన, పీడీఎఫ్, 2 ఎంబీ’ అని రాస్తే ఎక్కడికి పోతామో, ఎంత డేటా ఖర్చో రెండూ తెలుస్తాయి.

ఇక బటన్. ఉత్త పెట్టె లాంటి డివ్ ట్యాగ్‌కు రంగు పూసి, క్లిక్ తగిలించి బటన్‌లా చూపించడం మా దృష్టిలో ఈ పనిలో అత్యంత ఖరీదైన సోమరితనం. నిజమైన బటన్ ట్యాగ్ వాడితే ట్యాబ్‌కు దొరుకుతుంది, ఎంటర్‌కూ స్పేస్‌కూ పలుకుతుంది, స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని ప్రకటిస్తుంది. ఇవన్నీ ఊరికే వస్తాయి. డివ్‌తో చేస్తే ఒక్కొక్కటీ చేత్తో రాసుకోవాలి, ఏదో ఒకటి తప్పకుండా మర్చిపోతారు. స్క్రీన్ రీడర్‌కు అదనపు సమాచారం ఇచ్చే ఏరియా (ఏఆర్ఐఏ) ఆట్రిబ్యూట్ల విషయంలోనూ ఇదే మాట. మామూలు హెచ్‌టీఎంఎల్‌తో కాని పనికే వాటిని ముట్టుకోండి. తప్పు ఏరియా పెట్టడం కంటే అసలు పెట్టకపోవడమే నయం.

నాలుగో మెట్టు: బొమ్మలు

ప్రతి బొమ్మకూ ఆల్ట్ ఆట్రిబ్యూట్ ఉండాలి, అంటే బొమ్మకు బదులు స్క్రీన్ రీడర్ చదివే మాటలు. అందులో ఏం రాయాలన్నది ఆ బొమ్మ అక్కడ చేసే పనిని బట్టి ఉంటుంది. పొందూరు ఖాదీ అమ్మే సైటు అనుకోండి. నేత గురించి చెప్పే పేజీలో బొమ్మకు ‘నేత కుటుంబంలోని స్త్రీ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది’ అని రాస్తే విషయం అందుతుంది. అమ్మకం పేజీలో కొనేవాడికి కావాల్సింది వేరు. ‘తెల్ల ఖాదీ పంచె, రెండు అంగుళాల ఎర్ర అంచు’ అనాలి. బొమ్మే లింకయితే, నొక్కితే ఏమవుతుందో రాయాలి. భూతద్దం బొమ్మకు ‘వెతకండి’ అని, ‘భూతద్దం’ అని కాదు. ‘ఫొటో’, ‘చిత్రం’ అంటూ మొదలుపెట్టనక్కర్లేదు, స్క్రీన్ రీడరే ఆ మాట చెబుతుంది.

అలంకారానికి పెట్టిన ముగ్గు గీతకు, పూల అంచుకు ఆల్ట్ ఖాళీగా ఉంచాలి. ఖాళీగా ఉంచడం వేరు, అసలు రాయకపోవడం వేరు. రాయకపోతే స్క్రీన్ రీడర్ ఫైలు పేరు చదవొచ్చు. ‘ఐఎంజీ అండర్‌స్కోర్ 2024...’ అంటూ అంకెలు పోతూనే ఉంటాయి.

అక్షరాలున్న పోస్టర్ పెద్ద చిక్కు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు ఏ రోడ్డు మూస్తారో, బండ్లు ఎక్కడ ఆపాలో చెప్పే పోస్టర్‌ను వాట్సాప్‌లో వచ్చినట్టే సైటులో ఎక్కిస్తే, చూపు లేనివారికి అది ఉత్త ఖాళీ. మసక చూపున్నవాళ్లు పెద్దది చేస్తే అక్షరాలు చెదిరిపోతాయి. ఇరవై వరుసల్ని ఆల్ట్‌లో కుక్కడమూ పరిష్కారం కాదు, ఎందుకంటే అందులో శీర్షికలుండవు, వెనక్కి వెళ్లి ఒక వరుస మళ్లీ వినడం కష్టం. పోస్టర్ కింద అదే సమాచారాన్ని మామూలు అక్షరాల్లో పెట్టి, ఆల్ట్‌లో ‘ట్రాఫిక్ మళ్లింపు పోస్టర్, వివరాలు కింద ఉన్నాయి’ అని రాయండి.

అయిదో మెట్టు: రంగు, సైజు

అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడాను నిష్పత్తిగా కొలుస్తారు. మామూలు అక్షరానికి కనీసం 4.5, పెద్ద అక్షరానికి 3 ఉండాలి. పెద్దది అంటే 24 పిక్సెల్స్, బోల్డ్ అయితే సుమారు 18.7 పిక్సెల్స్. పెట్టెల అంచులకు, ఐకాన్లకు 3. తెల్ల కాగితం మీద #777777 బూడిద రంగు 4.48 దగ్గర ఆగి తప్పుతుంది, #767676 4.54తో గట్టెక్కుతుంది. డిజైనర్లు ముచ్చటపడే #999999కు 2.85 మాత్రమే. తెలుగు అక్షరంలో సన్న గీతలు, లోపలి సున్నాలు, కింద వత్తులు ఎక్కువ కాబట్టి కనీసంతో సరిపెట్టుకోకుండా 7 దాకా వెళ్లడం మంచిది. #595959 ఆ గీత దాటుతుంది.

గుళ్ల సైట్లలో పసుపు మీద ఎరుపు తప్పదంటారు. ముద్ద పసుపు మీద ముద్ద ఎరుపుకు 3.7 వస్తుంది. పెద్ద శీర్షికకు సరే, సేవల వివరాలకు చాలదు. ఎరుపును #800000 దాకా ముదురు కుంకుమ రంగు చేస్తే 10 దాటుతుంది. క్లయింటు కోరిన పసుపు కుంకుమలూ ఉంటాయి, చదివేవాడి కళ్లూ బతుకుతాయి. తెలుపు మీద పసుపు అక్షరాలకు మాత్రం మందు లేదు, ఆ నిష్పత్తి 1.07.

రంగు ఒక్కటే కబురు మొయ్యకూడదు. సరుకు ఉంటే ఆకుపచ్చ చుక్క, అయిపోతే ఎర్ర చుక్క అని పెడితే ఆ రెండూ ఒకేలా కనపడేవాళ్లు మగవాళ్లలో ముఖ్యంగా ఉన్నారు. చుక్క పక్కన ‘ఉంది’, ‘అయిపోయింది’ అని రాయండి. పేరాల్లో లింకులకు కింద గీత తీసెయ్యకండి.

తెలుగు మ్యాటర్‌కు 18 పిక్సెల్స్‌తో మొదలుపెట్టండి. వరుసల మధ్య దూరం 1.7 నుంచి 1.8 ఉంచండి, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. సైజులు రెమ్ కొలతలో ఇస్తే ఫోన్‌లో అక్షరం పెద్దది చేసుకున్నవాళ్లకు సైటు కూడా కలిసొస్తుంది. మండలి, నోటో సాన్స్ తెలుగు ఫాంట్లు చదవడానికి హాయిగా ఉంటాయి. అలంకార ఫాంట్లు పేరు బోర్డుకే పరిమితం చెయ్యండి. బటన్లకు, కార్డులకు ఖాయమైన ఎత్తు ఇవ్వకండి. ‘స్త్రీ’, ‘శాస్త్రం’ లాంటి మాటల అడుగు తెగిపోయేది అక్కడే.

కంప్యూటర్‌లో కంట్రోల్, ప్లస్ నొక్కి 400 శాతం దాకా పెంచండి. 1280 పిక్సెల్స్ తెర మీద అది 320 పిక్సెల్స్ వెడల్పుతో సమానం. మ్యాటర్ ఒకే నిలువు వరుసగా సర్దుకోవాలి. ఒక్కో వాక్యం చదవడానికి పక్కకు జరుపుకోవాల్సి వస్తే ఫెయిలే. వ్యూపోర్ట్ ట్యాగ్‌లో జూమ్‌ను ఆపే మాట ఉంటే తీసిపారెయ్యండి.

ఆరో మెట్టు: మౌసు పక్కన పెట్టండి

నిజంగానే తీసి డ్రాయర్‌లో పెట్టి, ట్యాబ్, షిఫ్ట్ ట్యాబ్, ఎంటర్, స్పేస్, ఎస్కేప్, బాణాలతో సైటు మొత్తం తిరగండి. మొదట తెలిసేది: ఇప్పుడు ఎక్కడున్నామో కనపడదు. ఎవరో అందం కోసం సీఎస్‌ఎస్‌లో అవుట్‌లైన్‌ను నన్ చేసి ఉంటారు. ఆ వరుస తీసేసి, ఫోకస్-విజిబుల్‌కు 3 పిక్సెల్స్ ముదురు గీత, 2 పిక్సెల్స్ ఎడం ఇవ్వండి. పేజీ జరిపినా పైనే అతుక్కుని ఉండే మెనూ ఆ ఫోకస్‌ను, అంటే కీబోర్డు ఇప్పుడున్న చోటును, కప్పేయకుండా చూడండి. ఇది డబ్ల్యూసీఏజీ 2.2లో కొత్తగా చేరిన నియమం.

ఫోకస్ నడిచే వరుస చదివే వరుసలాగే ఉండాలి. ట్యాబ్‌ఇండెక్స్‌కు 1, 2, 3 అని విలువలిస్తే ఆ వరుస చెడుతుంది. మెనూ మౌసు పెడితేనే తెరుచుకునేదయితే కీబోర్డుకూ, ఫోనుకూ అందదు. దాన్ని బటన్‌తో తెరిచేలా మార్చండి. పాపప్ తెరిస్తే ఫోకస్ లోపలికి పోవాలి, ఎస్కేప్ నొక్కితే మూసుకోవాలి, మూసుకున్నాక ఎక్కడ నొక్కి తెరిచామో అక్కడికే తిరిగి రావాలి. డైలాగ్ ట్యాగ్‌ను దాని షోమోడల్‌తో తెరిస్తే ఈ పని చాలావరకు అదే చూసుకుంటుంది.

వేలికి తగిలే బటన్లు కనీసం 24 పిక్సెల్స్ చదరం. మేం చెప్పేది 44. వణికే చేతికీ, బస్సు కుదుపులో పట్టుకున్న ఫోన్‌కూ ఆ తేడా తెలుస్తుంది. లాగి పెట్టే పనులకు నొక్కి చేసే మరో దారి ఇవ్వండి.

కదిలేవాటి గురించి ఒక్క పేరా. పైన పరుగెత్తే వార్తల పట్టీ మన కాలేజీ సైట్లకు పట్టుకున్న అంటు. అయిదు సెకన్లకు మించి దానంతటదే కదిలేదానికి ఆపే బటన్ తప్పనిసరి. తీసేస్తే ఇంకా మేలు, ఆ వార్తల్ని మామూలు జాబితాగా పెట్టండి. సెకనుకు మూడుసార్లకు మించి మెరిసేది ఏదీ ఉండకూడదు, మూర్ఛ ఉన్నవారికి అది ప్రమాదం. మూడు సెకన్లు దాటి దానంతటదే మోగే సుప్రభాతానికీ ఆపే మీట పైనే కనపడాలి, లేకపోతే స్క్రీన్ రీడర్ గొంతు దాని కింద మునిగిపోతుంది.

ఏడో మెట్టు: ఫారాలు

మనిషి పని ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఓపీ అపాయింట్‌మెంట్, అడ్మిషన్, ఆర్డర్, ఏదైనా సరే.

ప్రతి పెట్టెకూ లేబుల్ ట్యాగ్ ఉండాలి, దాని ఫర్ విలువా పెట్టె ఐడీ ఒకటే కావాలి. పెట్టెలో లేతగా కనపడే ప్లేస్‌హోల్డర్ లేబుల్ కాదు. రాయడం మొదలుపెట్టగానే మాయమవుతుంది. ‘ఇక్కడ ఏం అడిగాడు?’ అని మర్చిపోయినవాడు రాసింది చెరిపి చూడాలి. ‘దివ్యాంగులా? అవును, కాదు’ లాంటి రేడియో బటన్లను ఫీల్డ్‌సెట్‌లో పెట్టి ప్రశ్నను లెజెండ్‌లో రాయండి. లేకపోతే వినేవాడికి ‘అవును’, ‘కాదు’ మాత్రమే వినపడతాయి, దేనికన్నది తెలియదు. తప్పనిసరి పెట్టెకు ఎర్ర నక్షత్రంతో సరిపెట్టకుండా లేబుల్‌లోనే ‘తప్పనిసరి’ అని రాసి, రిక్వయిర్డ్ పెట్టండి.

పేరు, ఫోను, చిరునామా పెట్టెలకు ఆటోకంప్లీట్ విలువలు ఇస్తే ఫోనే నింపి పెడుతుంది. వేళ్లు సాగనివాళ్లకు అది ఎంతో శ్రమ తగ్గిస్తుంది. ఊరు, మండలం ఎంచుకోవడానికి మామూలు సెలెక్ట్ ట్యాగ్ వాడండి. సొంతంగా అల్లిన డ్రాప్‌డౌన్లు ఆండ్రాయిడ్ ఫోన్ల స్క్రీన్ రీడర్ అయిన టాక్‌బ్యాక్‌లో తరచూ మొరాయిస్తాయి. పుట్టిన తేదీకి క్యాలెండర్ ఒక్కటే పెట్టి 1958 దాకా నెలలు వెనక్కి నొక్కించకండి. రోజు, నెల, సంవత్సరం మూడు పెట్టెలు చాలు.

తప్పు జరిగితే పెట్టెను ఎర్రగా చేసి ఊరుకోకండి. ఏం తప్పు, ఎలా దిద్దాలి అన్నది అక్షరాల్లో చెప్పాలి. ‘చెల్లదు’ అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ‘ఫోన్ నంబరులో 9 అంకెలే ఉన్నాయి, 10 కావాలి’ అంటే పని జరుగుతుంది. ఆ సందేశాన్ని ఏరియా-డిస్క్రైబ్డ్‌బైతో పెట్టెకు కట్టండి, సబ్‌మిట్ నొక్కాక ఫోకస్‌ను మొదటి తప్పు దగ్గరికి పంపండి. నింపిన మిగతా పెట్టెలు ఖాళీ అయిపోకూడదు.

ఓటీపీకి ఆరు చిన్న పెట్టెలు పెట్టే ఫ్యాషన్ వచ్చింది. వినేవాడికి అవి పేర్లు లేని ఆరు పెట్టెలు. అంకె కొట్టగానే ఫోకస్ దానంతటదే దూకుతుంది, ఒకటి తప్పితే దిద్దడం నరకం. ఒకే పెట్టె పెట్టి, ఆటోకంప్లీట్‌కు వన్-టైమ్-కోడ్ విలువ ఇవ్వండి, ఇన్‌పుట్‌మోడ్‌ను న్యూమరిక్ చెయ్యండి. పేస్ట్‌ను ఆపొద్దు. గడువు 30 సెకన్లు కాకుండా కొన్ని నిమిషాలు ఉండాలి. సెషన్ ముగిసేలోపు హెచ్చరించి, కనీసం 20 సెకన్ల వ్యవధిలో ఒక్క మీటతో పొడిగించుకునే వీలివ్వాలి.

వంకర అక్షరాల క్యాప్చా చూపు లేనివారిని గుమ్మంలోనే ఆపేస్తుంది. చిన్న సైట్లకు దాని అవసరం చాలావరకు లేదు. దొంగ ప్రోగ్రాములు మాత్రమే నింపే దాచిన పెట్టె ఒకటి, ఫారం రెండు సెకన్లలో వచ్చేస్తే తిప్పికొట్టే లెక్క ఒకటి సర్వర్ దగ్గర పెడితే చాలు. ఆ దాచిన పెట్టెను సీఎస్‌ఎస్‌లో డిస్‌ప్లే నన్ చేసి స్క్రీన్ రీడర్‌కూ అందకుండా చెయ్యాలి. లేకపోతే మనిషే దాన్ని నింపి దొంగ అనిపించుకుంటాడు.

‘వివరాలకు ఫోన్ చెయ్యండి’ అని ఒక్క నంబరే ఇస్తే వినపడనివారికి దారి మూసినట్టే. వాట్సాప్ సందేశమో, ఈమెయిలో పక్కనే పెట్టండి.

ఎనిమిదో మెట్టు: పట్టికలు, పీడీఎఫ్‌లు, వీడియోలు

పలాస జీడిపప్పు ధరల పట్టిక తీసుకోండి. అడ్డంగా ప్యాకెట్ సైజులు, నిలువుగా డబ్ల్యూ-180, డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 రకాలు. శీర్షిక గళ్లను టీహెచ్‌తో రాసి, స్కోప్‌ను కాలమ్‌కో రోకో పెడితే, గడిలోకి వెళ్లగానే ఏ రకం, ఎంత ప్యాకెట్ అన్నది ధరతోపాటు వినపడుతుంది. అవి లేకపోతే అంకెల వాన. కలిపేసిన గళ్లు మానండి. పేజీ అమరిక కోసం పట్టికలు వాడే పాత పద్ధతీ మానండి.

తెలుగు పీడీఎఫ్‌ది వేరే తంటా. యూనికోడ్‌లో కొట్టినా, పీడీఎఫ్ చేసేటప్పుడు సంయుక్తాక్షరాల లోపలి క్రమం చెదిరిపోవచ్చు. అందులోంచి ఒక పేరా కాపీ చేసి పేస్ట్ చేస్తే వత్తులు ఎగిరిపోయి కనపడతాయి, స్క్రీన్ రీడర్ కూడా అలాగే చదువుతుంది. అందుకని సమాచారం మొదట వెబ్ పేజీగా ఉండాలి, పీడీఎఫ్ ప్రింటు కోసం అదనంగా. సంతకం, ముద్ర ఉన్న స్కాన్ కాపీ తప్పదంటే దాన్నీ పెట్టండి, పైన అదే మ్యాటర్ అక్షరాల్లో.

వీడియోలకు క్యాప్షన్లు రెండు వరుసలకు మించకుండా, మాటతో కలిసి రావాలి. యంత్రం రాసిన క్యాప్షన్లను దిద్దకుండా వదలకండి. మన యాస వినగానే అవి దారి తప్పుతాయి. ‘బాణం చూపించిన చోట నొక్కండి’ అని కాకుండా ‘కుడివైపు పైన ఉన్న లాగిన్ బటన్ నొక్కండి’ అని వీడియోలో చెబితే చూడనివారికీ అందుతుంది. పుట్టుకతో వినపడనివారిలో చాలామందికి సంజ్ఞాభాషే మొదటి భాష, తెలుగు తర్వాత నేర్చుకున్నది. కాబట్టి ముఖ్యమైన పేజీల్లో వాక్యాలు చిన్నవిగా ఉంటే వారికీ మేలు.

విడ్జెట్ అమ్మేవాళ్లు

ఒక్క వరుస కోడ్ పెడితే సైటు మొత్తం దివ్యాంగులకు అనువైపోతుందని చెప్పే విడ్జెట్లు ఉన్నాయి. మూలన చక్రాల కుర్చీ బొమ్మ, నొక్కితే అక్షరం పెంచే మీటలు. లేని లేబుల్‌ను అవి సృష్టించలేవు, అను ఫాంట్‌ను తెలుగు చెయ్యలేవు, పైగా కొన్నిసార్లు స్క్రీన్ రీడర్‌తోనే కొట్లాడతాయి. ఇలాంటి గొప్పలు చెప్పుకున్న ఒక కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో 10 లక్షల డాలర్ల చెల్లింపు విధించింది. విడ్జెట్‌కు పెట్టే డబ్బుతో ఫారాలు బాగుచేయించుకోమని క్లయింటుకు చెప్పండి. వర్డ్‌ప్రెస్ వాడేవారు థీమ్ ఎంచుకునేటప్పుడే యాక్సెసిబిలిటీ-రెడీ అన్న గుర్తున్నవాటిలో వెతుక్కుంటే సగం శ్రమ తప్పుతుంది.

పరీక్ష

ముందు యంత్రం. క్రోమ్‌లో ఉండే లైట్‌హౌస్, లేదా యాక్స్, వేవ్ అనే ఉచిత సాధనాలు ఆల్ట్ లేని బొమ్మలు, లేబుల్ లేని పెట్టెలు, చాలని రంగు తేడా చూపిస్తాయి. వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల హోం పేజీలను ఇలా పరీక్షిస్తుంది. 2024లో 95.9 శాతం పేజీల్లో తప్పులు దొరికాయి, అన్నిటికంటే ఎక్కువగా దొరికింది రంగు తేడా చాలకపోవడం. అయితే లైట్‌హౌస్ 100 మార్కులిచ్చిందని సంబరపడకండి. ఆల్ట్ ఉందో లేదో అది చెబుతుంది, అందులో రాసింది సరైనదో కాదో చెప్పలేదు. ‘౦’ను అది పట్టుకోలేదు.

తర్వాత కీబోర్డు, ఆ తర్వాత 400 శాతం జూమ్. పిమ్మట ఎన్‌వీడీఏ. దాని సెట్టింగ్స్‌లో స్పీచ్ దగ్గర ఈస్పీక్ ఎన్‌జీ గొంతు ఎంచుకుని, భాష దానంతటదే మారే ఆప్షన్‌కు టిక్ పెట్టండి. గొంతు మరబొమ్మలా ఉంటుంది, కానీ తెలుగు చదువుతుంది. మానిటర్ ఆపేసి మీ సైటులో ఒక పని మొదటినుంచి చివరిదాకా చెయ్యండి: ఒక పంచె ఎంచుకుని, చిరునామా రాసి, ఆర్డర్ పంపడం.

ఫోన్‌లో టాక్‌బ్యాక్ తప్పకుండా చూడాలి, ఎందుకంటే ఇక్కడ చాలామందికి ఉన్న కంప్యూటర్ అదే. సెట్టింగ్స్‌లో షార్ట్‌కట్ ఆన్ చేసుకుంటే రెండు వాల్యూమ్ మీటలూ మూడు సెకన్లు పట్టుకుంటే మొదలవుతుంది, మళ్లీ పట్టుకుంటే ఆగుతుంది. ఆపడం ఎలాగో తెలుసుకున్నాకే మొదలుపెట్టండి. కుడికి వేలు జరిపితే తర్వాతి అంశం, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. గూగుల్ స్పీచ్‌లో తెలుగు గొంతు ఉంది, ముందే దింపుకోండి.

చివరికి మనుషులు. స్క్రీన్ రీడర్ రోజూ వాడేవాళ్లు ఒకరు, మసక చూపువారు ఒకరు, చేతులు సరిగా ఆడనివారు ఒకరు, వినపడనివారు ఒకరు. ఊరికే అడగొద్దు, వాళ్ల సమయానికి డబ్బివ్వండి. పని చెప్పి పక్కన కూర్చోండి, మధ్యలో సాయం చెయ్యకండి. ఎక్కడ ఆగారో, ఎక్కడ వెనక్కి వెళ్లారో రాసుకోండి. ‘బాగుంది బాబూ’ అని మర్యాదకు అనేస్తారు, కాబట్టి మాట కంటే వేలు ఆగిన చోటు నమ్మదగింది.

అప్పగించేటప్పుడు

కట్టిన రోజు బాగున్న సైటు ఆరు నెలల్లో పాడయ్యేది రోజూ నోటీసులు ఎక్కించే చేతిలోనే. ఆ గుమస్తాకో, ఆపరేటరుకో ఒక పూట కూర్చోబెట్టి నాలుగు పనులు చేయించండి: అను మ్యాటర్‌ను మార్చి దిద్దడం, బొమ్మకు ఆల్ట్ రాయడం, ఎడిటర్‌లో బోల్డ్ బదులు శీర్షిక స్టైల్ వాడడం, పీడీఎఫ్ కంటే ముందు మ్యాటర్‌ను పేజీలో పెట్టడం. మీడియా లైబ్రరీలో ఆల్ట్ లేకుండా బొమ్మ ఎక్కకుండా అడ్డుకునే ప్లగిన్ దొరికితే పెట్టండి.

ఫుటర్‌లో ‘ఈ సైటు వాడడంలో ఇబ్బందా?’ అనే పేజీ ఒకటి ఉండాలి. ఫోను, వాట్సాప్, ఈమెయిల్ మూడూ అందులో ఇవ్వండి, ఫిర్యాదు ఎవరికి చేరుతుందో, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుందో రాయండి. ఆ ఈమెయిల్ తెరిచేవాళ్లెవరో అప్పగింత కాగితంలో పేరుతో సహా రాయించుకోండి.